ఫైబర్ బోటులో అమరం (వెనక భాగం) పలక చీకిపోతే పైన మ్యాట్ కొడితే సరిపోతుందా?

గంజాం తీరంలోని సోనాపురం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఫైలిన్ తుపాను తర్వాత వాళ్ల మామగారు కొన్న 28 అడుగుల ఫైబర్ బోటు, 9.9 హెచ్‌పీ మోటారు. ఈ మధ్య కెరటం దాటేటప్పుడు మోటారు ఊగుతోందట. బోల్టుల దగ్గర గోధుమరంగు నీరు కారుతోందట. ఒక మేస్త్రీ లోపలి వైపు రెండు పొరలు మ్యాట్ (రెజిన్‌తో తడిపి అతికించే గాజు పీచు చాప) కొడితే చాలన్నాడు. ఇంకొకాయన సన్నటి కన్నాలు పెట్టి పల్చటి రెజిన్ (పోశాక గట్టిపడే జిగురు) పోస్తే చెక్క మళ్లీ గట్టిపడుతుందన్నాడు. ఎవరి మాట వినాలి, వేట నిషేధం రోజుల్లో పని తెమిలిపోతుందా అని అడిగారు.

తమ్ముడూ, రెండూ వద్దు. నిషేధం రోజుల్లో పని అవుతుంది గానీ మొదటి వారంలోనే మొదలుపెట్టాలి.

ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. అమరం దగ్గర మోటారు బిగించే ఆ ట్రాన్సమ్ పలకలో బయట ఒక ఫైబర్ పొర, లోపల ఒక ఫైబర్ పొర, రెంటి మధ్య ప్లైవుడ్ ఉంటాయి. మోటారు ముందుకు తోస్తుంటే ఒక పొర సాగుతుంది, ఇంకో పొర నొక్కుకుంటుంది. ఆ రెండు పొరల్నీ కదలకుండా పట్టుకుని ఒకటిగా పనిచేయించేది మధ్యలో ఉన్న చెక్క. చెక్క చీకిందంటే రెండు పొరలూ విడివిడిగా వంగడం మొదలుపెడతాయి. అప్పుడు లోపల మీరు రెండు పొరల మ్యాట్ కొడితే పల్చటి పొర కాస్త మందమవుతుంది, అంతే. మధ్యలో పట్టుకునేది మాత్రం లేదు. పైగా లోపలున్న తడి బయటికి వచ్చే దారి కూడా మూసినట్టే. ఒక సీజన్ ఆగుతుంది, తర్వాత కెరటాల్లో ఉండగా పలక మోటారుతో సహా విరగొచ్చు. మీ దగ్గర ఒడ్డున కెరటం ఎలా విరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకే దీన్ని ఖర్చు లెక్కగా చూడొద్దు, బోటులో ఎక్కే మనుషుల లెక్కగా చూడండి.

కన్నాల్లో రెజిన్ పోయడం సంగతి. చీకిన చెక్క తడిగా ఉంటుంది. దాని సందుల్లో అప్పటికే నీళ్లు నిండి ఉన్నాయి. నీళ్లున్న చోటికి రెజిన్ వెళ్లదు. కన్నం చుట్టూ కాస్త గట్టిపడి, పక్కన అరచేయి దూరంలో బురదలాంటి చెక్క అలాగే ఉంటుంది. పూర్తిగా ఎండిన చెక్కలో రూపాయి బిళ్ల అంత చోట చీకితే ఆ పద్ధతి పనికొస్తుందేమో గానీ, మోటారు ఊగే దశకు వచ్చాక పనికిరాదు.

ఇక చెక్క అసలు ఎందుకు చీకింది? సముద్రపు నీళ్ల వల్ల అని చాలామంది అనుకుంటారు. చెక్కను తినేది ఒక రకం ఫంగస్. దానికి గాలి, వెచ్చదనం, తడి కావాలి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే అది పనిచేయదు. 30 శాతం దగ్గరికి వచ్చి అలాగే ఉండిపోతే బాగా పాకుతుంది. ఉప్పు దానికి అంతగా పడదు. ఎక్కువ చేటు చేసేది వాననీరు. మన గంజాం తీరంలో బోటుని ఇసుక మీదికి లాగేసి, అణియం (ముందు భాగం) ఎత్తుగా, అమరం పల్లంలో వదిలేస్తాం. నైరుతి వాన మొత్తం వెనక్కి చేరి, పలక అడుగున నిలబడుతుంది. మోటారు బోల్టు కన్నంలోంచి, నీళ్లు వదిలే ప్లగ్ కన్నంలోంచి, తాడు కట్టడానికి ఎవరో కొట్టిన స్క్రూలోంచి లోపలికి దిగుతుంది. ప్లైవుడ్ అంచుల్లో పీచు చివర్లు తెరుచుకుని ఉంటాయి కాబట్టి అక్కడ నీళ్లు చాలా వేగంగా పీల్చుకుంటుంది. ఫైబర్ పొరల మధ్య చిక్కిన ఆ తడి ఇక ఎండదు. కాబట్టి కొత్త చెక్క వేసి ఆ కన్నాలను పాత పద్ధతిలోనే వదిలేస్తే ఇదే పని మళ్లీ పడుతుంది. ఈ రిపేరులో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే, కన్నాల దగ్గరికి వచ్చినప్పుడు వివరంగా రాస్తాను.

ముందు ఎంతవరకు చీకిందో తెలుసుకోండి. ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ తిప్పి పట్టుకుని, పిడితో పలకంతా బెత్తెడు బెత్తెడు దూరంలో కొట్టుకుంటూ పోండి. గట్టి చోట టక్ మని తేలిగ్గా మోగుతుంది, చీకిన చోట డబ్ మని చచ్చిన చప్పుడు వస్తుంది. సుద్దముక్కతో ఆ గీత గీసుకోండి. తర్వాత లోపలి వైపు నుంచి మాత్రమే 5 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్‌తో అక్కడక్కడ కన్నం పెట్టండి. బయటి పొర దాటకుండా బిట్‌కి టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. బయటికొచ్చే పొట్టు చేతిలో వేసుకుని చూడండి. లేత రంగులో పొడిగా రాలి, చెక్క వాసన వస్తే అది బాగున్నట్టు. నల్లగా ముద్దలా వచ్చి, పుల్లటి వాసన కొడితే పోయినట్టు. అడుగున, మూలల్లో తప్పకుండా చూడండి, చీకు ముందు అక్కడే పడుతుంది. తేమ కొలిచే మీటరు ఉప్పు పట్టిన బోటులో తప్పుడు లెక్క చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. ఇద్దరు మనుషుల్ని పెట్టి మోటారు కాలుని పైకీ కిందికీ నొక్కించి, పలక మూలల్ని దగ్గరగా గమనించండి. జెల్ కోటు (ఫైబర్ పైనుండే నున్నటి రంగు పూత) మీద జుట్టులాంటి పగుళ్లు తెరుచుకుని మూసుకుంటున్నాయంటే ఇక అనుమానం అక్కర్లేదు.

కోసే ముందు బోటుని నిలబెట్టడం. ఈ పని తొందరలో వదిలేసేవాళ్లే ఎక్కువ. పలకో, అడుగు దూలాలో (బోటు అడుగున ఫైబర్ చుట్టి ఉండే చెక్క దూలాలు) తీసేశాక ఫైబర్ ఒట్టి చర్మం లాంటిది, ఎటు బరువు పడితే అటు వంగుతుంది. వంగిన ఆకారంలోనే మీరు కొత్త చెక్క అతికిస్తే బోటు జీవితాంతం ఒక పక్కకి లాగుతుంది. బోటు అడుగు పొడవునా ఇసుక బస్తాలు సర్ది, రెండు పక్కల అంచుల్నీ తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో లెవెల్ చూసుకోండి. పలక దగ్గర ఒక పక్క నుంచి ఇంకో పక్కకి అడ్డంగా ఒక గట్టి కర్ర బిగించి ఉంచండి. పలక ఎత్తు, వెనక్కి వాలిన కోణం అట్టముక్క మీద గీసి దాచుకోండి. షార్ట్ షాఫ్ట్ మోటారుకి 15 అంగుళాలు, లాంగ్ షాఫ్ట్‌కి 20 అంగుళాల ఎత్తు ఉంటుంది. కొత్త పలక ఎత్తు ఒక అంగుళం ఎక్కువైనా ప్రొపెల్లరు గాలి లాగొచ్చు.

మీది డెక్కు లేని తెరుపు బోటు కాబట్టి లోపలి నుంచే కోయండి. బయటి పొర అచ్చులాగా నిలుస్తుంది, రూపం చెడదు. గ్రైండరుకి కటింగ్ బ్లేడు పెట్టి, లోపలి పొరని మాత్రమే అంచుల నుంచి మూడు వేళ్ల వెడల్పు వదిలి చుట్టూ కోయండి. ఆ వదిలిన అంచు తర్వాత కొత్త పొరలు పట్టుకోవడానికి పనికొస్తుంది. చీకిన చోట చెక్క చేత్తోనే ఊడి వస్తుంది. బాగున్న చోట ఉలి, సుత్తి కావాలి. సగం బాగుంది కదా అని సగం ప్లైవుడ్ వదిలేయాలనిపిస్తుంది, ట్రాన్సమ్‌లో మాత్రం మొత్తం తీసేయండి. మోటారు బరువంతా మోసే చోట మధ్యలో అతుకు వద్దు.

కోసి తీసిన ఫైబర్ ముక్కలు పారేయకండి. అరచేయంత ముక్క తీసుకుని ముందు మందం కొలవండి. తర్వాత ఆరుబయట, పొగ మీ మీదికి రాని వైపు నిలబడి, నిప్పుల్లో కాల్చండి. రెజిన్ నల్లటి పొగతో కాలిపోయి గాజు పీచు మిగులుతుంది. చల్లారాక పొరలు పొరలుగా విడదీయండి. చిందరవందరగా ఉన్నది మ్యాట్, చాపలా నేసినట్టు ఉన్నది రోవింగ్. ఎన్ని మ్యాట్లు, ఎన్ని రోవింగులు, ఏ వరసలో వేశారో బోటు కట్టినవాడు చేత్తో రాసిచ్చినంత స్పష్టంగా తెలుస్తుంది. మీరు వేసేది దానికంటే తగ్గకూడదు. నా అలవాటు ఒక పొర ఎక్కువే వేయడం.

చెక్క తీశాక బయటి పొర లోపలి ముఖాన్ని 40 నంబరు డిస్కుతో గరుకుగా రుద్ది, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. ఉప్పు మిగిలితే అది గాలిలోని తేమని పీల్చి మళ్లీ తడి చేస్తుంది. తర్వాత ఎండబెట్టండి. ఎండిందో లేదో తెలుసుకోవడానికి ఒక ప్లాస్టిక్ కవరు ముక్కని నాలుగు వైపులా టేపు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున్న కవరు లోపలి వైపు చెమట పట్టినట్టు చుక్కలుంటే ఇంకా ఆగాలి. ఇక్కడ నాలుగు రోజులు ఓపిక పడితే తర్వాత పదేళ్లు నిశ్చింత. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు కాలబైశాఖి వాన ఉన్నట్టుండి పడుతుంది కదా, పైన టార్పాలిన్ కట్టి పక్కలు గాలికి వదిలేయండి.

చెక్క విషయంలో ఐఎస్ 710 మార్కున్న మెరైన్ ప్లైవుడ్ తప్ప ఇంకోటి కొనకండి. దుకాణంలో వాటర్‌ప్రూఫ్ అని చెప్పి ఐఎస్ 303 అంటగడతారు, అది ఇంటి అల్మరాలకి. ఐఎస్ 710 ప్లైవుడ్ గమ్ము 72 గంటలు నీళ్లలో ఉడికించినా విడిపోకూడదు, ఆ ప్రమాణం మీద నిలిచినదే ఇది. బరంపురంలో దొరక్కపోతే విశాఖ నుంచి తెప్పించుకోండి. 18 మిల్లీమీటర్ల షీట్లు రెండు అతికిస్తే 36 అవుతుంది. మీ పాత పలక మందం, మోటారు క్లాంపు నోరు ఎంత పడుతుందో కొలిచాకే ఖరారు చేయండి. టేకు బలమైనదే గానీ దానిలో నూనె ఉంటుంది, రెజిన్ సరిగా పట్టదు. ఒడిశాలో గుగ్గిలం చెక్క చవకగా దొరుకుతుందని కొందరు దాంతో పలక వేస్తారు. ఆ చెక్క మరీ చిక్కన, రెజిన్ లోపలికి దిగదు, బరువూ ఎక్కువ. నేను వద్దంటాను.

రెజిన్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ పనికి వాడే రెజిన్‌లు రెండు రకాలు, ఎపాక్సీ, పాలియెస్టర్. ట్రాన్సమ్‌కి డబ్బు ఉంటే ఎపాక్సీ వాడండి. చెక్కని ఎపాక్సీ పట్టుకున్నట్టు పాలియెస్టర్ పట్టుకోదు. ఒకసారి ఎపాక్సీ మొదలుపెడితే చివరిదాకా అదే వాడాలి, గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా అతకదు. ఎపాక్సీతో మామూలు మ్యాట్ కూడా వాడకూడదు. ఆ మ్యాట్‌లో పీచుల్ని పట్టి ఉంచే బంక పాలియెస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకానికే కరుగుతుంది. ఎపాక్సీకి నేసిన బట్ట గానీ కుట్టిన బయాక్సియల్ బట్ట గానీ కావాలి. ఎపాక్సీ గట్టిపడ్డాక పైన జిడ్డు తేలితే తడి స్క్రబ్బరుతో కడిగాకే తర్వాతి పొర. ఖర్చు భరించలేకపోతే ఐసోఫ్తాలిక్ పాలియెస్టర్ వాడండి. దుకాణంలో జనరల్ పర్పస్ అని ఇచ్చేది నీళ్లలో ఉండే బోటు అడుగుకి తక్కువ రకం.

పాలియెస్టర్ వాడేవాళ్లు ఒక్క మాట మరిచిపోకూడదు. రెజిన్‌ని గట్టిపరచడానికి కలిపే కోబాల్ట్ యాక్సిలరేటర్‌నీ, క్యాటలిస్ట్‌నీ నేరుగా ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలపకూడదు. పేలుతుంది. ముందు యాక్సిలరేటర్‌ని రెజిన్‌లో పూర్తిగా కలిపేయండి, ఆ తర్వాతే క్యాటలిస్ట్. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టకండి, ఒకే సిరంజితో రెండూ తీయకండి. క్యాటలిస్ట్ కంట్లో పడితే చూపు పోతుంది, అద్దాలు పెట్టుకోకుండా మూత తీయొద్దు, పక్కన బకెట్ మంచినీళ్లు ఉంచండి. విశాఖ నుంచి తెచ్చేటప్పుడు దాన్ని సంచిలో పెట్టుకుని రైలెక్కొద్దు. గ్రైండింగ్ దుమ్ముకి ఎన్95 మాస్కు, రెజిన్ వాసనకి కార్బన్ గుళిక ఉన్న మాస్కు వేరు. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయకండి. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి.

మే ఎండలో రెజిన్ గిన్నెలోనే గడ్డకట్టేస్తుంది. క్యాటలిస్ట్ 1 శాతం దగ్గర ఉంచండి. అరకిలో రెజిన్‌కి 5 మిల్లీలీటర్లు, సిరంజితో కొలిచి. ఇంకా తగ్గిస్తే మెల్లగా పని చేసుకోవచ్చని కొందరు అర శాతం వేస్తారు. అప్పుడు రెజిన్ ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. దానికి బదులు అరకిలో అరకిలో కలుపుకుని, పొద్దున్న మంచు ఆరిన దగ్గర్నుంచి పది గంటల లోపు పని ముగించండి.

ప్లైవుడ్ కోతకి అట్ట నమూనా తీసి, చుట్టూ 6 మిల్లీమీటర్లు చిన్నగా కోయండి. ఆ ఖాళీలోకి పుట్టీ (పొడి కలిపిన రెజిన్ ముద్ద) వెళ్తుంది. చెక్క గట్టిగా ఫైబర్‌ని తాకే చోట తర్వాత పగులుతుంది కాబట్టి ఈ ఖాళీ కావాలి. రెండు ముఖాలకీ, అంతకంటే ముఖ్యంగా అంచులకీ రెజిన్ పూత పూసి పీల్చనివ్వండి, ఇంక పీల్చనంత వరకు అంచులకి మళ్లీ మళ్లీ పూయండి. ఎపాక్సీ అయితే సిలికా పొడి కలిపి వెన్నముద్దలా చేసి, పళ్ల కరిణితో బయటి పొర మీద పరవండి. పాలియెస్టర్ అయితే బాగా తడిపిన 450 జీఎస్ఎం (చదరపు మీటరుకి 450 గ్రాముల) మ్యాట్ రెండు పొరలు పరిచి దాని మీద చెక్కని కూర్చోబెట్టండి. బయట ఒక మందపాటి పలక, లోపల ఒక పలక పెట్టి, పాత మోటారు కన్నాల్లోంచి బోల్టులు వేసి బిగించండి. బోల్టులకి ముందే మైనం రాసి ఉంచితే తర్వాత ఊడదీయగలరు. బిగిస్తుంటే చుట్టూ నాలుగు అంచుల నుంచీ ముద్ద బయటికి పొంగాలి. ఏదో ఒక మూల పొంగలేదంటే అక్కడ గాలి ఉంది, ఊడదీసి మళ్లీ ముద్ద పెట్టండి. ఆ మూలలోనే రేపు నీళ్లు చేరతాయి.

గట్టిపడ్డాక పలకకీ బోటు పక్కలకీ మధ్య మూలని పుట్టీతో గుండ్రంగా నింపండి. గాజు పీచు నిట్టనిలువు మూలలో మడత పడదు, కింద గాలి మిగులుతుంది. ఆ తర్వాత పొరలు. పాలియెస్టర్ అయితే 450 మ్యాట్, దాని మీద 600 రోవింగ్, మళ్లీ మ్యాట్, ఇలా మీరు కాల్చి చూసిన లెక్క ప్రకారం. ఎపాక్సీ అయితే మ్యాట్ బదులు ముందు చెప్పిన బట్టే. ఒక్కో పొర కింది పొర కంటే రెండు వేళ్లు ఎక్కువ వెడల్పు, బోటు అడుగు మీదికీ పక్కల మీదికీ పాకాలి. పాత ఫైబర్ అంచుని మందానికి 12 రెట్ల దూరం ఏటవాలుగా అరగదీయండి. పొర 5 మిల్లీమీటర్లుంటే 60 మిల్లీమీటర్ల వాలు. ఒక చదరపు మీటరు 450 మ్యాట్‌కి కిలో దాకా రెజిన్ పడుతుంది. ఇనుప రోలరుతో బుడగలన్నీ తీసేయండి. ఒకేసారి మూడు నాలుగు పొరల కంటే ఎక్కువ వేయకండి, వేడెక్కి పగులుతుంది.

అడుగు దూలాల సంగతి క్లుప్తంగా. వాటిని కూడా కొట్టి చూడండి. చీకిన చోట పైనుంచి కోసి, పొడి చెక్క కనబడ్డాక ఇంకో అడుగు ముందుకెళ్లి ఆపండి. రెండు పక్కలవీ ఒకేసారి తీయొద్దు, ఒకటి ముగించాక ఇంకోటి. దూలంలో బలం ఎక్కువగా పైన చుట్టిన ఫైబర్‌దే, పొరలు మందంగా వేస్తే లోపల చెక్క బదులు గట్టి పీవీసీ ఫోమ్ పెట్టినా నడుస్తుంది. ట్రాన్సమ్‌కి అలా కుదరదు, మోటారు క్లాంపు మామూలు ఫోమ్‌ని నొక్కేస్తుంది. నేల కింద పసుపు ఫోమ్ నానిపోయి ఉంటే మొత్తం తీసి పడేయండి, అది ఎండదు.

ఇప్పుడు కన్నాలు. మోటారు బోల్టు 10 మిల్లీమీటర్లయితే ముందు 18 మిల్లీమీటర్ల కన్నం పెట్టి, ఎపాక్సీ పుట్టీతో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక దాని నడిమధ్యలో 10 మిల్లీమీటర్ల కన్నం తీయండి. ఇక బోల్టు వదులైనా, నీళ్లు దిగినా, అది తాకేది ఎపాక్సీని, చెక్కని కాదు. ప్లగ్ కన్నానికీ ఇదే పద్ధతి. పాలియెస్టర్‌తో చేసిన బోటుకైనా ఈ కన్నాలకి మాత్రం ఒక చిన్న ఎపాక్సీ డబ్బా కొనండి. బోల్టులు 316 స్టెయిన్‌లెస్, తల కింద పాలీయురెథేన్ సీలెంటు. సిలికాన్ పెట్టకండి, ఊడితే మళ్లీ దాని మీద ఏదీ అతకదు. పలక పైఅంచు మీద కూడా పొరలు చుట్టాలి, మోటారు క్లాంపు రుద్దుకుని ముందు పగిలేది అక్కడే. తాడు కొక్కేనికి, లైటు వైరుకి కొట్టే చిన్న స్క్రూలకీ ఇదే నియమం. మీ బోటులో పనిచేసే కుర్రాళ్లకి ముందే చెప్పి ఉంచండి, అడక్కుండా పలకలోకి ఒక్క మేకు కూడా దిగకూడదు.

రోజుల లెక్క. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. రుషికుల్య మొగ దగ్గర తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట ఆంక్షలు ఉంటాయి కాబట్టి అటువైపు వాళ్లు ఇంకా ముందే మొదలుపెట్టుకోవచ్చు. మీరు ఏప్రిల్‌లోనే కోత పూర్తి చేసి ఎండబెడితే మే మొదటి సగంలో పొరలు పడతాయి. ఆఖరి పొర తర్వాత కనీసం వారం ఆగాకే మోటారు ఎక్కించండి. జూన్ రెండో వారానికి నైరుతి వచ్చేస్తుంది, వానలో ఫైబర్ పని చేయకూడదు.

మెటీరియల్ కొనేముందు నాలుగు కొలతలు రాయండి: పలక వెడల్పు, ఎత్తు, ఇప్పటి మొత్తం మందం, కాల్చి చూసిన ముక్కలో పొరల వరస. మోటారు షాఫ్ట్ పొట్టిదో పొడుగుదో కూడా చెప్పండి. రెజిన్ ఎన్ని కిలోలు, మ్యాట్ ఎన్ని మీటర్లు పడుతుందో లెక్కగట్టి రాస్తాను.